లోపలి గడియ

పెద్ద భూకంపం వచ్చిన రాత్రి నగరమంతా వీధుల్లోనే ఉంది. నేనూ ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చాను. వస్తూ వస్తూ తలుపుకు తాళం వేశాను. పాతికేళ్లుగా తాళాలు బాగుచేసే చేతులు, వాటి అలవాటు వాటిది. నా భార్య లోపలే ఉండిపోయింది. తాళంచెవి తొక్కిసలాటలో ఎక్కడో పడిపోయింది.

"ఒక్కరైనా తోడు రండయ్యా" అని బతిమాలాను. అందరూ ఫోన్లలో తలలు దూర్చారు.

"ఊరందరి తాళాలూ తీస్తావుగా బాబాయ్, నీ ఇంటిది తీసుకోలేవా?" అన్నాడు కింది వాటా టైలరు. నా భార్య చేతి అన్నం తిన్నవాడే.

పగుళ్లిచ్చిన మెట్లెక్కి మూడో అంతస్తుకు ఒక్కడినే వెళ్లాను. చీకట్లో తీగతో తాళం తీశాను. తలుపు తోసేలోపే లోపల పై గడియ పడింది.

"గడియ ఎందుకేశావే? ఇంకోసారి ఊగితే బిల్డింగ్ మిగలదు, తియ్యి!"

"నేనెక్కడ వేశానండీ? బీరువా కాళ్లమీద పడింది, కదల్లేను." గొంతు పడగ్గదిలోంచి వచ్చింది. "తలుపు దగ్గర నిలబడ్డాయన్ని అడగండి. మీరు పంపిన మనిషేగా?"

నేనెవరినీ పంపలేదు. కాళ్లకింద నేల సన్నగా వణకడం మొదలైంది.

"ఎవరివైనా సరే బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా, తియ్యి" అన్నాను.

ఆ తలుపుకు కింద ఇంకో గడియ ఉంది. దొంగల భయానికి నేనే బిగించాను.

నెమ్మదిగా అదీ పడింది.