జవాబుల పొట్లాలు

ముంచింగిపుట్టు సంతలో వేరుశనగలమ్మే సన్యాసిరావు పొట్లాల కోసం తెచ్చిన పాత పుస్తకాల్లో, డిగ్రీ చదివే సోనికి రెండు ఆల్జీబ్రా పుస్తకాలు దొరికాయి. సొంతంగా నేర్చుకోవాలి కదా అని, వెనక జవాబులున్నది ఎంచుకుంది.

కొనగానే ఆ జవాబుల కాగితాలన్నీ చింపి అతనికే ఇచ్చేసింది.

"అదేటి గుంటా, అలా సేత్తన్నావు?"

"దగ్గరుంటే ముందే చూసేస్తాను బాబాయ్. పొట్లాలు కట్టేసుకో."

ఊరెళ్లే జీపు నిండేలోపు మొదటి లెక్క చేసేసి పరిగెత్తుకొచ్చింది. "జవాబు సరిచూసుకోవాలి. కాగితాలేవీ?"

"మీ జీపోళ్లే కొనుక్కుపోనారు."

సోని జీపెక్కింది. అందరూ తీరిగ్గా వేరుశనగలు ఒలుచుకుంటున్నారు.

"మొదటి లెక్క జవాబు ఎవరి పొట్లంలో ఉంది? నాకు ఆరొచ్చింది."

డ్రైవరు తన పొట్లం విప్పి చూశాడు. బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎనిమిదని ఉంది. మళ్లీ సెయ్యి. అంతవరకూ బండి కదల్దు."