తేలికైన కాడి

దుక్కి నేర్పాలని రైతు పుల్లడనే కోడెను ముసలి ఎద్దు మైలడికి జతచేసి కాడి కట్టాడు. నాలుగు సాళ్లు దున్నేసరికే పుల్లడికి పొగరెక్కింది.

"ఇంత తేలిక పనిలో నేర్చుకునేదేముంది మామా? నువ్వేంటి, అప్పుడే రొప్పుతున్నావు?"

"సాలు వంకరపోతోంది, చూసుకో నాయనా" అన్నాడు మైలడు.

కొన్నేళ్లకు మైలడు పని మానేసి కొట్టానికి చేరాడు. అతని చోట పుల్లడు, పుల్లడి చోట కొత్త కోడె నిలిచారు. లేతమెడకు బరువు తగలకూడదని రైతు నాగలి మోకును కాడి నడిమి నుంచి పుల్లడి వైపుకు జరిపి బిగించాడు. అడుగు వేయగానే పుల్లడి మెడ కుంగింది.

"దుక్కంటే ఇంతేనా మామా!" అంటూ కొత్త కోడె గంతులేసింది.

ఆనాటి మైలడి రొప్పు పుల్లడికి ఇప్పుడు వినిపించింది. తన రొప్పు అణచుకుంటూ, "సాలు వంకరపోతోంది, చూసుకో నాయనా" అన్నాడు.