మూడుపూటల ప్లాను

“ఆ ప్లాను తీసుకోకండి బాబూ.”

టైలరు వెనక్కి తిరిగి చూశాడు. ఆటల పార్కులో భోజనం ప్లాను అమ్మే కౌంటరు ముందు పది నిమిషాలుగా టిక్కెట్టు వెనక లెక్కలు వేస్తున్నాడతను.

వెనక ఒక ముసలాయన. ఉతికి ఉతికి రంగు పోయిన చొక్కా. మెడలో పార్కువాళ్ల ఏడాది పాసు.

“ఏం, నష్టమా?”

“లాభమే. అందుకే వద్దంటున్నా.”

టైలరుకి నవ్వొచ్చింది. జానెడు గుడ్డ మిగిలితే జేబురుమాలు కుట్టే మనిషి. లాభం ఉంది కాబట్టి మానుకొమ్మనే సలహా బుద్ధెరిగాక వినలేదు.

“బయట హోటలువాడి మనిషై ఉంటాడు,” అన్నాడు భార్యతో. “చెప్పేవాడికి వినేవాడు లోకువ.”

“మనం ఆడుకోడానికొచ్చామా, లెక్కలెయ్యడానికొచ్చామా?” అందామె.

“విడిగా తింటే ముగ్గురికీ మూడు వేల ఆరొందలు. ప్లానైతే రెండు వేల ఏడొందలు. రెండు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, చివర్న ఐస్‌క్రీం. తొమ్మిదొందలు మిగులు! ఎవడిస్తాడు?”

ప్లాను కొన్నాడు. ముగ్గురి చేతులకీ పచ్చపట్టీలు కట్టారు.

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆరేళ్ల కూతుర్ని దగ్గరికి లాక్కుని చెప్పాడు.

“ఇటు చూడు. ఒకవేళ తప్పిపోయావనుకో, ఈ భోజనశాల గుమ్మం దగ్గరికి వచ్చెయ్. నేనిక్కడే ఉంటా.”

“నువ్వెప్పుడూ తిండి దగ్గరే కదా నాన్నా!”

పిట్ట కొంచెం, కూత ఘనం. మొగుడూ పెళ్లాలు నవ్వారు. ముసలాయన మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పిచ్చుకకి కావలసింది ఒక్కటే, రంగులరాట్నం.

క్యూలో వాళ్ల ముందు నలుగురే మిగిలారనగా పన్నెండుంబావు అయింది. పన్నెండున్నర దాటితే వాళ్ల వంతు భోజనం పోయినట్టే. చెయ్యి పట్టి లాక్కొచ్చేశాడు. మళ్లీ గంటసేపు నిలబడి ముందుకొచ్చేసరికి చిరుతిండి వేళయింది.

“ఆకలి లేదు నాన్నా.”

“ఆకలితో పనేంటే? డబ్బులు కట్టేశాంగా!”

భోజనశాలకి వెళ్లిన ప్రతిసారీ ముసలాయన ఆ గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు. ఏమీ తినడు. వచ్చేవాళ్ల మొహాలు చూస్తుంటాడు.

“ఆ చూపేంటండీ?” అంది భార్య. “పాతికేళ్ల ఆడపిల్ల కనబడితే చాలు, కళ్లప్పగించేస్తున్నాడు.”

“సిగ్గులేని జన్మ,” అన్నాడు టైలరు.

రాత్రి భోజనం పెందలాడే అయిపోయింది. ఐస్‌క్రీం దగ్గర పేచీ వచ్చింది.

“పిల్లల ప్లానులో ఐస్‌క్రీం లేదండీ,” అన్నాడు అక్కడి కుర్రాడు.

“ఎందుకు లేదు? రాసిందేదీ చూపించు!”

ప్లాను కాగితం వెంటనే దొరకలేదు. భార్య సంచీ అంతా తిరగేసి దాన్ని వెతికి తెచ్చింది. టైలరు గెలిచాడు. మూడు ఐస్‌క్రీములు పట్టుకుని విజయగర్వంతో వెనక్కి తిరిగాడు.

పిచ్చుక కుర్చీ ఖాళీగా ఉంది.

భార్య ఒకవైపు, తనొకవైపు పరుగెత్తారు. పడవల దగ్గర లేదు. రైలుబండి దగ్గర లేదు. పచ్చపట్టీ కట్టుకున్న ప్రతి పిల్లా దూరం నుంచి పిచ్చుకలాగే కనిపించింది, దగ్గరికెళ్తే కాదు. ఐస్‌క్రీములు కరిగి మోచేతుల దాకా కారుతున్నా పారెయ్యాలని తోచలేదు. ఇంక ఈ జన్మకి దాని మొహం చూడనేమోనని ఏడుస్తూ తిరిగాడు.

ఎటు పోవాలో తెలియక వెనక్కొస్తే, భోజనశాల గుమ్మం ముందు పిచ్చుక! పిల్ల చెయ్యి ముసలాయన చేతిలో ఉంది.

టైలరు ఒక్క తోపు తోశాడు. ముసలాయన గోడకి కొట్టుకున్నాడు.

“నా పిల్ల మీద చెయ్యేస్తావా?”

“దొరికింది కదా బాబూ,” అన్నాడాయన. కళ్లనిండా నీళ్లు, నవ్వుతున్నాడు. “దొరికింది!”

కాపలావాళ్లొచ్చారు. భార్య ఆయాసపడుతూ వచ్చి, పొద్దుటి నుంచి చూసిందంతా చెప్పింది. టైలరు ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు. మేనేజరు ముసలాయన మెడలోంచి పాసు తీసి కత్తెరతో రెండు ముక్కలు చేశాడు.

అప్పుడు చేతులు జోడించాడాయన.

“అయ్యా, ఇంకెవరికీ సలహాలివ్వను. ఎవర్నీ ముట్టుకోను. ఆ గుమ్మం దగ్గర నిలబడనివ్వండి, చాలు.”

రెక్కపట్టి బయటికి తీసుకుపోయారు. గేటు దాటి కనుమరుగయ్యేదాకా ఆయన భోజనశాల వైపే చూస్తూ నడిచాడు.

“తాతని ఎందుకు కొట్టావు?” పిచ్చుక బావురుమంది. “నేనే రంగులరాట్నం దగ్గరికెళ్లా. దారి తెలీక ఏడుస్తుంటే తాతొచ్చాడు. మీ నాన్న గుమ్మం దగ్గరే ఉంటానన్నాడుగా, పద అన్నాడు.”

టైలరు గేటుకేసి పరుగెత్తాడు. బయట రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఖాళీ. మెడ వంచుకుని తిరిగొచ్చాడు. గుమ్మం మెట్ల మీద, పొద్దున ప్లాను అమ్మిన కౌంటరావిడ తెగిన పాసు ముక్కలు ఏరుతోంది.

“ఎవరమ్మా ఆయన?”

ఆవిడ తలెత్తలేదు.

“ఆయనా ప్లానే కొన్నాడు. ఐస్‌క్రీం క్యూలో ఉండగా ఆరేళ్ల కూతురు తప్పిపోయింది. ఈపాటికి పాతికేళ్లుండేవి.”

టైలరు గుమ్మం కేసి చూశాడు.

“తప్పిపోతే ఈ గుమ్మం దగ్గరికి రామ్మా, నేనిక్కడే ఉంటానని పొద్దున్నే కూతురికి చెప్పాడట బాబూ, ఆ ఒక్క మాట కోసం పందొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.”