గంగాధరప్ప మగ్గం

డ్యూటీ దిగగానే మగ్గం ముందు కూర్చునే పోలీసు ఇన్‌స్పెక్టరు గంగాధరప్ప ధర్మవరంలో చనిపోయాడు. నెల తర్వాత పెనుకొండ నుంచి కుళ్ళాయప్ప వచ్చాడు. గంగాధరప్ప విచారణలో చేయని హత్య ఒప్పుకుని ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాడు. ఆయన నిజంగానే పోయాడని తెలుసుకుంటే తప్ప అతనికి నిద్ర పట్టేలా లేదు. అప్పటికే చీకటి పడింది. ఇన్‌స్పెక్టరు భార్య యశోదమ్మ లాంతరు పట్టుకుని తలుపు తీసింది.

"సారు నన్ను ఒక్క దెబ్బ గూడా కొట్టలేదమ్మా," అన్నాడు. "బొటనవేళ్లకు పట్టుదారం కట్టి మగ్గానికి ముడేసినాడు. తెల్లారేదాకా నేస్తానే ఉన్నాడు. మగ్గం ఆడినప్పుడల్లా దారం ఎముకలోకి దిగుతా ఉన్నె."

"ఆ చీర బాగా కుదిరింది," అంది యశోదమ్మ. "మా పాప పెండ్లికి అదే కట్టించినాం."

లోపలి గదిలో మగ్గం చప్పుడు మొదలైంది. ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

"ఆడ ఎవరుండారమ్మా?"

"ఆయన పోయినప్పటి నుంచి రోజూ ఇంతే. ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా ఆపేట్టు లేడు. నాకు కంటి మీద కునుకు లేదప్పా."

కుళ్ళాయప్ప గది తలుపు తీసి తొంగిచూశాడు. మగ్గం దగ్గర ఎవరూ లేరు. వెనక నుంచి యశోదమ్మ అతన్ని లోపలికి నెట్టి గడియ పెట్టింది.

"ఏం చేసినానని చెప్పల్లమ్మా?" అని తలుపు బాదాడు.

"ఆయనే చెప్పిస్తాడులే."

ఆమె లాంతరు ఆర్పి పడుకుంది. మగ్గం ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి నింపాదిగా.