ఇనుప బల్ల మీద అరచెయ్యి

పాత రంపం మిషను కొనడానికి ఒహాయోలో క్లింట్ గరాజుకు వచ్చిన వెండెల్, దాని ఇనుప బల్ల మీది దుమ్ము తుడుస్తూ ఆగిపోయాడు. ఐదు వేళ్లూ విచ్చుకున్న చిన్న అరచెయ్యి, తుప్పుతో అచ్చు పడి ఉంది.

"చెమట చెయ్యి తగిలిందంతే," అన్నాడు క్లింట్. "పోత ఇనుము కదా, పట్టేస్తుంది. ఎమరీ కాగితంతో రుద్దుకో, పోద్ది."

"ఇలాంటివి బోలెడు బాగుచేశాను. తగిలితే ఇంత నిండుగా పడదు. అదిమి పట్టాలి. ఎవరిదిది?"

"కొనడానికొచ్చావా, కూపీ లాగడానికొచ్చావా?"

గుమ్మంలో ఉన్న క్లింట్ భార్య లొరెట్టా, కుడిచేతిని స్వెట్టర్ జేబులో దాచుకుంది.

అచ్చు పడిన వేళ్ల కొసలు సరిగ్గా రంపం బ్లేడు దగ్గర ఆగాయి.

"బ్లేడు తిరుగుతుండగా అదిమి పట్టాడా, అమ్మా?" అడిగాడు వెండెల్.

ఆమె తలూపింది.

"ఏం చెప్తున్నావే వాడికి?" క్లింట్ సుత్తి ఎత్తి ఆమె మీదికి దూకాడు. వెండెల్ అతని మెడ పట్టి మిషను మీదికి తోశాడు. ముక్కు పగిలి రక్తం చిమ్మింది. సుత్తి జారిన చేతిని ఇనుప బల్లకేసి అదిమాడు.

"వదలరా! విరిగిపోద్ది!"

లొరెట్టా లోపలికి పరుగెత్తింది. పోలీసులకు ఫోను చేస్తుందనుకున్నాడు వెండెల్.

ఆమె ఊరబెట్టిన దోసకాయల సీసాతో తిరిగొచ్చి, అందులోని ఉప్పునీళ్లు మొగుడి వేళ్ల సందుల్లోకి నిదానంగా ఒంపింది.

"కదలనివ్వకు, అన్నా," అంది. "ఈయనదీ అచ్చు పడాలి."