చచ్చిన రాజుకు రెండు కార్డులు

"వీడు చచ్చాడే ఆర్గిరో! కార్డు మీద రాశాను కూడా!" మా ఆయన భోజనాల బల్ల గుద్దాడు.

ట్రాయ్ యుద్ధకావ్యంలోని దేవుళ్లకూ వీరులకూ మనిషికో కార్డు చొప్పున పన్నెండేళ్లుగా పేర్ల పట్టిక రాస్తున్నాడు. సాయంత్రం ఆ కార్డుల పెట్టె అచ్చుకు వెళ్లాలి. రేపు పోయినవాళ్ల పేర్లు చర్చిలో చదివించే రోజు. వాళ్ల పేరున అక్కడ పంచడానికి ఉడికించిన గోధుమలు ఆరబెట్టుకోవడానికి నాకు బల్లమీద ఒక మూల మిగిల్చాడు.

"ఎవరు మాస్టారూ?" అన్నాను.

"ఒక రాజు. ఐదో సర్గలో బల్లెం దిగి చచ్చాడు. పదమూడో సర్గలో నడుస్తున్నాడు!"

"హాజరు వేయించుకోవడానికి వచ్చాడేమో."

"నీకు వేళాకోళం! కవి మరిచిపోయాడు, నా పట్టిక తగలబడింది. ఒకే మనిషికి రెండు కార్డులయ్యాయి, ఒకటి చింపాల్సిందే. ఏది చింపను?"

"ఇంతకీ ఎక్కడికి నడుస్తున్నాడు?"

"కొడుకు శవం వెనక. ఏడుస్తూ."

"కొడుకు పోతే లేవడూ మరి? తండ్రి కదా!"

"ఇది పట్టికే! ఇందులో లేవడాలుండవు," అని విసుక్కున్నాడు.

రెండు కార్డులూ చేతిలోకి తీసుకున్నాడు. అక్షరక్రమం తప్పితే అన్నం సహించని మనిషి. మొదటి కార్డును దాని చోట పెట్టి, రెండోదాన్ని తీసుకెళ్లి కొడుకు కార్డు వెనకాల నిలబెట్టాడు.