పాముకాటు వ్యాసంలో ఒక వాక్యం

“ఆ వాక్యం తీసెయ్యండమ్మా,” అన్నాడు పెద్దాయన, చెప్పులైనా విడవకముందే.

కర్ణాటకలోని చింతామణిలో అమరేష్ కంప్యూటర్ సెంటరు. 2008లో ఒక ఆదివారం పొద్దున.

సెలవు కదా అని ఊరంతా హాయిగా ఉంటే, అక్కడ ముగ్గురు మాత్రం లోకంలోని రోగాలన్నీ నెత్తినేసుకుని కూర్చున్నారు. ఇంటర్నెట్టులో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులోని వైద్యం వ్యాసాలను బాగుచేయడం వాళ్ళు పెట్టుకున్న పని. హైస్కూల్లో సైన్సు చెప్పే అక్షత రాస్తుంది. బాగేపల్లిలో నర్సుగా ఉన్న నేత్ర సరిచూస్తుంది. అమరేష్ టైపు చేస్తాడు, మధ్యమధ్య టీ తెప్పిస్తాడు. జీతం లేదు, భత్యం లేదు. ముగ్గురికీ అంత సంతోషమిచ్చే పని మరొకటీ లేదు.

“యా వాక్యమప్పా?” అంది అక్షత.

“పాముకాటు వ్యాసంలోది. కాటు పైన తాడుతో బిగించి కట్టాలని రాసుండారే, అది.”

“మీరు యాడ చూసినారు?”

“పరగోడు పాల డెయిరీ గోడ మీద. చించేసి వచ్చినా.”

నేత్రకు ఒళ్ళు మండింది. ఆ కాగితం ఆమె అంటించిందే. అక్కడివాళ్ళు మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. అందుకని తెలుగు వ్యాసాన్ని కన్నడ అక్షరాల్లో చేత్తో రాసింది. పరగోడులో పెట్టింది నమూనా మాత్రమే. రేపు కాక పై సోమవారం ముప్పై ఊళ్ళలో అంటించాలి. చెనక్కాయలు పీకే రోజులు. చేలల్లో పాములు కాటేసేదీ అప్పుడే.

“ఎంత కష్టపడి రాసినానో తెలుసాప్పా మీకు?”

“తెలుసమ్మా. అందుకే చెప్తాండా. ఆ కట్టు కడితే కాలు పోతాది.”

“యా పుస్తకంలో ఉండాది?” అంది అక్షత. ఎవరేం చెప్పినా ఆమె మొదట అడిగేది అదే.

“పుస్తకంలో లేదమ్మా. పరగోడులో ఉండాది. బయ్యప్ప అని ఒకడుండాడు. పాము కరిస్తే ఎవరో పుస్తకం చూసి బిగించి కట్టినారు. ప్రాణం దక్కింది, కాలు తీసేసినారు.”

అక్షత బల్ల మీదున్న పాత పుస్తకం తెరిచింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది.

“చూడండప్పా, నలభయ్యో పేజీ. గుండూరావు డాక్టరు రాసిండేది. ఆయనకన్నా మీకు ఎక్కువ తెలుసునా?”

“లేదమ్మా. ఎక్కువేం తెలీదు.”

అమరేష్‌కు ఓపిక అయిపోయింది. “అప్పా, ఈడ ఒక రూలు ఉండాది. నోటిమాట చెల్లదు. ఆ గుండూరావే లేచొచ్చి చెప్పినా చెల్లదు. అచ్చులో ఉండాల.”

కోపమొస్తుందేమో అనుకున్నారు. పెద్దాయన నవ్వాడు.

“మంచి రూలప్పా. అచ్చులో తెస్తే తీసేస్తారా?”

“ఆ నిమిషమే.”

“అయితే నేను మళ్ళీ వచ్చేదాకా యా ఊర్లోనూ అంటించొద్దండి.”

ఆయన వెళ్ళిపోయాక, “కొందరికి పనీపాటా ఉండదు,” అన్నాడు అమరేష్. ఆదివారం పూట, పైసా రాని పని చేస్తూ.

మళ్ళీ ఆదివారం సెంటరు తలుపు తీసేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బస్సులో నలిగిన చొక్కా. సంచిలోంచి నాలుగు జెరాక్సు కాగితాలు తీశాడు.

“బెంగళూర్లో మూడు లైబ్రరీలు తిరిగినా. చూడమ్మా.”

పాముకాటు వైద్యం మీద పెద్ద డాక్టర్లు ఈ మధ్య అచ్చు వేసిన సూచనలు. ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత.

అక్షత చదివింది. మళ్ళీ చదివింది. ముఖం చిన్నబోయింది.

“కట్టు బిగించకూడదనే ఉండాది, నేత్రా.”

“నేను నేర్చుకునేటప్పుడు కట్టమనే చెప్పినారే,” అంది నేత్ర మెల్లగా.

అమరేష్ పాత వాక్యం తీసేసి కొత్తది టైపు చేశాడు. ‘తాడు బిగించి కట్టవద్దు. కాలు కదలకుండా కర్ర ఆసరాగా పెట్టి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.’

పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

“దీన్ని ఇంకెవరూ మార్చలేరా?”

“ఎవరైనా మార్చొచ్చప్పా. ఇంతకన్నా సరైనది అచ్చులో దొరికితే.”

“మేలు. పుస్తకానికి ఆ వీలు లేదు. అమ్ముడుపోయినాక యా ఇంట్లో ఉండాదో యాడని వెతికేది?”

టీ పూర్తిగా తాగి, ముగ్గురికీ దండం పెట్టి వెళ్ళాడు. ఆయన పేరు ఎవరూ అడగలేదు. ఏ పేజీ అని అడగడమే గానీ, ఎవరు మీరు అని అడిగే అలవాటు వాళ్ళకు లేదు.

సోమవారం నేత్ర కొత్త కాగితాలు ముప్పై ఊళ్ళలో అంటించింది.

ఇరవై రోజులకు పరగోడు పక్క ఊళ్ళో చెనక్కాయలు పీకుతున్న పుట్టమ్మను పాము కరిచింది. తాడు కోసం ఎవరూ పరుగెత్తలేదు. కాలికి రెండు కర్రలు ఆసరా పెట్టి, ఆటో ఎక్కించి, అరగంటలో ఆస్పత్రికి చేర్చారు. ఐదో రోజు పుట్టమ్మ తన రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళింది.

నేత్ర సంతోషం పట్టలేకపోయింది. ఈ మాట ముందుగా వినవలసినవాడు ఆ పెద్దాయనే. ఆయన ఆచూకీ చెప్పగలిగింది ఒక్కరే. పరగోడు వెళ్ళి బయ్యప్ప ఇల్లు కనుక్కుంది.

“ఆ పెద్దాయన యాడుంటాడప్పా? ఆయనకొక మంచిమాట చెప్పాల.”

“పోయినాడమ్మా. పది దినాలాయ. నిద్దర్లోనే.”

నేత్ర అరుగు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“బాధపడొద్దమ్మా,” అన్నాడు బయ్యప్ప. “కడసారి వచ్చినప్పుడు ఎంత సంతోషంగా ఉన్నాడో! ‘తీసేసినారు బయ్యప్పా, తీసేసినారు’ అని నా చెయ్యి పట్టుకోని నవ్వినాడు. ఇరవై ఏండ్లలో ఆయన నవ్వేది చూసింది అదే.”

“ఆయన మీకేమవుతాడప్పా?”

“ఏమీ కాడమ్మా. నాకు కట్టు కట్టినోళ్ళు చూసిన ఆ పుస్తకం ఉండాదే, అది రాసిన గుండూరావు డాక్టరు ఆయనే.”